'నాన్' రూపాయల బిల్లు: ఎప్పటికీ ఫెయిల్ కాని టెస్టుల కేస్ స్టడీ

ఉదయం ఆరున్నరకు పాల కేంద్రం నుంచి ఫోను వచ్చింది. పదిహేను రోజుల బిల్లులు పంచే రోజది. ఒక మహిళా రైతుకు ఇచ్చిన చీటీలో మొత్తం దగ్గర అంకెలు లేవు. 'రూ.' అని ఉంది, దాని పక్కన మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. కేంద్రం నడిపే ఆయన వాటిని కూడబలుక్కుని 'నాన్' అని చదివారు. "సార్, నాన్ అంటే ఎంత? ఈవిడ ఇందాకటి నుంచి ఇక్కడే నిలబడి ఉన్నారు, ఏమని చెప్పమంటారు?" అని అడిగారు. చేత్తో లెక్క వేసి డబ్బు ఇచ్చేయమని, సంతకం తీసుకోమని చెప్పి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

మాది నలుగురి బృందం. పాల సేకరణ కేంద్రాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాము. రైతు పాలు పోయగానే తూకం యంత్రం నుంచి లీటర్లు వస్తాయి, పాలను పరీక్షించే యంత్రం నుంచి వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) వస్తాయి. మా ప్రోగ్రామ్ రేటు చార్టు చూసి ఆ పూట ధర కట్టి నమోదు చేస్తుంది. అంతా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినదే. రీడింగ్ అర్థం లేకుండా వస్తే ప్రోగ్రామ్ ధర కట్టకూడదు, ఎర్రర్ ఇచ్చి శాంపిల్ మళ్లీ పెట్టమనాలి. ఈ నియమం మొదటి రోజు నుంచీ ఉంది. దానికి టెస్టు కూడా ఉంది, అంటే కోడ్ ఆ నియమం పాటిస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రామ్. రోజూ పాస్ అవుతోంది. ఈ కేస్ స్టడీ ఆ టెస్టు గురించే.

ముందు తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను, అది చిన్నదే. ఆ కేంద్రంలో పరీక్ష యంత్రం మారింది. పాత యంత్రం రీడింగ్ కుదరనప్పుడు మూడు అడ్డగీతలు పంపేది. వాటిని దశాంశ సంఖ్యగా మార్చబోతే పైథాన్ అక్కడే వాల్యూఎర్రర్ ఇస్తుంది కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు. కొత్త యంత్రం అడ్డగీతలకు బదులు 'నాన్' అనే మాటను పంపుతుంది. 'ఇది సంఖ్య కాదు' అని చెప్పడానికి 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణంలో ఉన్న ప్రత్యేక విలువ అది. పైథాన్ ఆ మాటను చక్కగా దశాంశ సంఖ్యల కిందే స్వీకరిస్తుంది. దాని స్వభావం విచిత్రమైనది: దేనితో పోల్చినా, ఎక్కువా అని అడిగినా తక్కువా అని అడిగినా, కాదనే జవాబు వస్తుంది. తనతో తాను సమానమా అన్నా కాదనే అంటుంది.

మా కోడ్‌లో షరతు ఇలా ఉంది: వెన్న 2 కన్నా తక్కువైతే, లేదా 12 కన్నా ఎక్కువైతే ఎర్రర్. నాన్ తక్కువా కాదు, ఎక్కువా కాదు. దర్జాగా లోపలికి నడిచి వచ్చింది. దానితో హెచ్చవేసిన ధర నాన్ అయింది. ఆ పూటను మిగతా ఇరవై తొమ్మిది పూటలతో కూడితే మొత్తమూ నాన్ అయింది. కడివెడు పాలకు ఒక్క విషపు చుక్క చాలు కదా. షరతును తిరగేసి రాశాను: వెన్న 2కూ 12కూ మధ్య ఉంటేనే ముందుకు, లేకపోతే ఎర్రర్. 'మధ్య ఉందా' అన్నా నాన్ కాదనే అంటుంది కాబట్టి ఇప్పుడు బయటే ఆగిపోతుంది. అరగంటలో పని అయిపోయింది.

కానీ టెస్టు ఫైలు తెరిచాక టీ చల్లారిపోయింది.

ఆ ఆరు లైన్లు

ఇదీ ఆ టెస్టు. చదవడానికి వీలుగా కోడ్ అంతా తెలుగు లిపిలోనే ఇస్తున్నాను:

ఫర్ వెన్న ఇన్ [-1, 0, 99, నాన్]:
    ట్రై:
        ధర_లెక్క(10, వెన్న)
        సెల్ఫ్.ఫెయిల్("ఎర్రర్ రావాలి")
    ఎక్సెప్ట్ ఎక్సెప్షన్:
        పాస్

జాబితాలో చివరి విలువ చూడండి. ఇది రాసిన వ్యక్తి నాన్ గురించి ముందే ఆలోచించారు. కొత్త యంత్రం రావడానికి రెండేళ్ల ముందే! ఆయన మా దగ్గర ఇప్పుడు లేరు కానీ మంచి పనివాడు. ఆయన ఉద్దేశం స్పష్టంగానే ఉంది: చెడ్డ విలువ ఇచ్చి పిలుస్తాము. ఎర్రర్ వస్తే ఎక్సెప్ట్‌లోకి వెళ్లి టెస్టు పాస్ అవుతుంది. రాకపోతే తర్వాతి లైనులో ఉన్న ఫెయిల్ దాన్ని పట్టిస్తుంది.

పట్టించదు. ఫెయిల్ అనే పిలుపు చేసే పని కూడా ఒక ఎర్రర్ విసరడమే, దాని పేరు అసర్షన్‌ఎర్రర్. పైథాన్‌లో అసర్షన్‌ఎర్రర్ ఎక్సెప్షన్ కుటుంబంలోనిదే. కింద ఉన్న 'ఎక్సెప్ట్ ఎక్సెప్షన్' దాన్నీ పట్టుకుని మింగేస్తుంది. అంటే ధర_లెక్క ఎర్రర్ ఇచ్చినా పాసే, ఇవ్వకపోయినా పాసే. అనుమానం తీరక ధర_లెక్క ఒళ్లంతా చెరిపేసి 'సున్నా తిరిగి ఇవ్వు' అని ఒక్క లైను రాసి నడిపాను. టెస్టు పచ్చగానే వెలిగింది.

ఆయన జావా నుంచి వచ్చిన మనిషి. జావాలో ఇవే లైన్లు నిఖార్సుగా పనిచేస్తాయి. అక్కడ టెస్టుల సాధనమైన జేయూనిట్‌లో ఫెయిల్ విసిరేది ఎర్రర్ అనే కుటుంబానికి చెందుతుంది, ఎక్సెప్షన్ కుటుంబానికి కాదు. ఇద్దరూ థ్రోవబుల్ అనే తాతకు పుట్టిన వేర్వేరు శాఖలు. అందుకే ఎక్సెప్షన్‌ను పట్టుకున్నా ఫెయిల్ తప్పించుకుని బయటికి వస్తుంది, టెస్టు ఎర్రబడుతుంది. ఒక భాషలో పదేళ్లు అలవాటైన చేతి వాటం ఇంకో భాషలో గుడ్డిదైపోయింది. చూడటానికి మాత్రం అచ్చం అలాగే ఉంది.

కవరేజీ నివేదిక కూడా మమ్మల్ని కాపాడలేదు. ఆ ఫైలుకు నూరు శాతం అని చూపిస్తోంది. నిజమే, మైనస్ ఒకటి ఇచ్చినప్పుడు ఎర్రర్ విసిరే లైను నడిచింది. లైను నడిచిందా అన్నదే కవరేజీ చూస్తుంది. నడిచాక ఎవరైనా దాన్ని గమనించారా అన్నది దానికి పట్టదు.

తిరగరాశాను. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్ అనే సాధనంలో దీనికోసమే 'రైజెస్' ఉంది: ఒక విత్ బ్లాకు తెరిచి ఏ ఎర్రర్ రావాలో పేరు చెబుతాము, లోపల ఒక్క పిలుపు పెడతాము. ఆ పేరున్న ఎర్రర్ రాకుండా బ్లాకు ముగిస్తే 'డిడ్ నాట్ రైజ్' అంటూ అదే ఫెయిల్ అవుతుంది. పైథాన్‌తో వచ్చే యూనిట్‌టెస్ట్‌లో ఉన్న 'అసర్ట్‌రైజెస్' చేసేదీ ఇదే. నాలుగు విలువలనూ లూపులో పెట్టకుండా పారామెట్రైజ్ చేసి నాలుగు వేర్వేరు టెస్టులుగా విడదీశాను. లూపులో అయితే మొదటిది విఫలమైన చోటే ఆగిపోతుంది, మిగతా మూడింటి సంగతి తెలియదు. తిరగేసిన షరతును ఒక్క నిమిషం పాత రూపానికి మార్చి నడిపితే నాన్ టెస్టు ఒక్కటే ఎర్రగా వచ్చింది. రెండేళ్లుగా రావలసిన ఎరుపు అది.

మిగతావాటి సంగతి

ఒకటి ఇలా ఉందంటే మిగతావి చూడక తప్పదు. మా మేనేజరుకు ఇది నచ్చలేదు. "పాస్ అవుతున్నవాటిని ఎందుకు కెలుకుతారండీ, ఫెయిల్ అయ్యేవి చాలవా?" అన్నారు. ఆయనకు 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సరిదిద్దిన 'గోటూ ఫెయిల్' దోషం గుర్తుచేశాను. సురక్షిత కనెక్షన్ కోడ్‌లో ఒకే లైను పొరపాటున రెండుసార్లు పడింది. దాంతో సర్వర్ సంతకాన్ని సరిచూసే అడుగు నడవకుండానే 'అంతా బాగుంది' అనే జవాబు వెళ్లిపోయింది. మంచి సంతకంతో ఎన్ని టెస్టులు రాసినా అది దొరకదు. చెడ్డ సంతకం ఇచ్చి 'ఎర్రర్ రావాలి' అనే టెస్టు ఒక్కటి ఉంటే దొరుకుతుంది. ఆయన ఒక వారం ఇచ్చారు.

ఎర్రర్ రావాలని చెప్పే టెస్టులు మా దగ్గర నలభై చిల్లర ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఒకే పరీక్ష పెట్టాను: ఆ టెస్టు కాపాడవలసిన షరతును కోడ్‌లోంచి తీసేసి నడపాలి. ఎర్రబడితే టెస్టు మంచిదే. పచ్చగానే ఉంటే పక్కన పెట్టి చదవాలి. దీన్ని యంత్రంతో చేయించే పద్ధతికి మ్యుటేషన్ టెస్టింగ్ అని పేరు. డిమిలో, లిప్టన్, సేవార్డ్ 1978లోనే దీని మీద పత్రం రాశారు. జావాకు పిట్, పైథాన్‌కు మ్యుట్‌మ్యుట్ వంటి సాధనాలున్నాయి. నేను మాత్రం చేత్తోనే చేశాను. నలభైకి సాధనం అక్కర్లేదు, పైగా చేత్తో చేస్తేనే ప్రతి టెస్టునూ చదువుతాము.

ట్రై, ఫెయిల్, ఎక్సెప్ట్ రకానివి ఇంకో ఐదు దొరికాయి. వాటి గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు.

రెండో రకం కాస్త తెలివైనది. పైటెస్ట్ రైజెస్ వాడారు కానీ రావలసిన ఎర్రర్ పేరు దగ్గర 'ఎక్సెప్షన్' అని రాసి వదిలేశారు. ఏ ఎర్రర్ అయినా సరే అన్నమాట. ఏడాది క్రితం మేము ఇవి పరీక్షించే ఫంక్షన్‌కు 'పూట' అనే ఇంకో వివరం జోడించాము, ఉదయమా సాయంత్రమా అని. మామూలు టెస్టులన్నీ అప్పుడు విరిగాయి, సరిచేశాము. ఇవి విరగలేదు. పూట చెప్పకుండా పిలిచేసరికి పైథాన్ 'ఒక వివరం తక్కువైంది' అని టైప్‌ఎర్రర్ ఇస్తోంది. అదీ ఎక్సెప్షనే కాబట్టి టెస్టు సంబరంగా పాస్ అవుతోంది. ఆ ఫంక్షన్ లోపలి మొదటి లైను కూడా నడవలేదు! దొంగ కోసం గుమ్మం దగ్గర కాపలా పెడితే, పోస్టుమాన్‌ను పట్టుకొచ్చి దొంగ దొరికాడన్నట్టుంది. కోడ్‌లో తప్పులు వెతికే ఫ్లేక్8 బగ్‌బేర్ అనే సాధనంలో బి017 అనే నియమం సరిగ్గా దీన్నే తప్పు పడుతుంది. ఆ నియమం మా దగ్గర మొదటి నుంచీ ఉండవలసింది.

వాల్యూఎర్రర్ వంశవృక్షం

ఎక్సెప్షన్ వద్దు, వాల్యూఎర్రర్ అని రాస్తే సరిపోతుందనుకునేవాణ్ని. రేటు చార్టు టెస్టు ఆ భ్రమ పోగొట్టింది.

రేటు చార్టు ఒక జేసాన్ ఫైలు, అంటే వివరాలను ఒక పద్ధతిలో రాసి ఉంచే టెక్స్ట్ ఫైలు. వెన్న శాతాల వరుసలో మధ్యలో ఒకటి లేకపోతే, అంటే 6.1 తర్వాత 6.3 ఉంటే, చార్టు చదివే కోడ్ వాల్యూఎర్రర్ ఇవ్వాలి. టెస్టు కోసం కావాలనే చిల్లు పెట్టిన ఒక చార్టు ఫైలు ఉంది. మా బృందంలోని అమ్మాయి ఆ కోడ్‌ను మార్చింది. తన ల్యాప్‌టాప్‌లో అన్నీ పాస్ అయ్యాయి. సర్వరు మీద ఆ టెస్టు ఫెయిల్ అయింది. "నా దగ్గర బాగానే ఉందండీ, సర్వరులోనే ఏదో తేడా ఉంది" అంది. సర్వరు వైపు తవ్వుతూ ఇద్దరమూ ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నాము. తేడా తన దగ్గరే ఉంది.

తనది విండోస్. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్, అంటే ఏ బైట్లు ఏ అక్షరమో చెప్పే పట్టిక, ఏదో చెప్పకపోతే అక్కడ పైథాన్ సీపీ1252 అనే పాత పశ్చిమ యూరప్ పట్టికతో చదువుతోంది. మా చార్టు యూటీఎఫ్-8లో ఉంది, దానిలో 'కేంద్రం' అనే మాట ఉంది. ఆ మాటలో ద కింద ర వత్తు ఉంది. వత్తు పలకాలంటే లోపల పొల్లు ఉండాలి. తెలుగు పొల్లు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, చివరి బైటు 8డి. సీపీ1252లో ఏ అక్షరమూ కేటాయించని ఐదు స్థానాల్లో 8డి ఒకటి. కాబట్టి ఫైలు చదవడం అక్కడే యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్‌తో ఆగిపోయింది. అసలు చార్టు తెరుచుకోనే లేదు, చిల్లు ఉందో లేదో చూసిన నాథుడు లేడు. అయినా టెస్టు పాస్. ఎందుకంటే యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్ వాల్యూఎర్రర్‌కు మనవరాలు. రైజెస్ ఇచ్చిన పేరునే కాదు, దాని సంతానాన్నంతటినీ ఒప్పుకుంటుంది.

తెలుగు ఫైళ్లతో పనిచేసేవాళ్లు ఇది గుర్తుంచుకోదగ్గ విషయం. 'గేదె', 'పాల ధర' అని మాత్రమే ఉన్న ఫైలులో అలాంటి బైట్లు లేవు కాబట్టి అది చెత్త అక్షరాలతోనైనా తెరుచుకోవచ్చు. ఒక్క 'చిత్తూరు' చేరిందా, ఎర్రర్. ఒకే కోడ్, ఒకే కంప్యూటర్, ఊరి పేరును బట్టి ఫలితం!

జేసాన్ సరిగా లేనప్పుడు వచ్చే జేసాన్‌డీకోడ్‌ఎర్రర్ కూడా వాల్యూఎర్రర్ బిడ్డే. ఇంటి పేరు ఒకటే అయితే ఎవరు వచ్చారో ఎలా తెలుస్తుంది? అందుకే మా సొంత ఎర్రర్లు పెట్టుకున్నాము: రీడింగ్_దోషం, చార్టు_దోషం. రెండింటికీ పైన మా సొంత మూల తరగతి. వాటిని వాల్యూఎర్రర్ కింద చేర్చలేదు. పైథాన్ గానీ ఏ లైబ్రరీ గానీ తనంతట తాను చార్టు_దోషం విసరదు. అది వచ్చిందంటే మా షరతు దగ్గరికి నిజంగా చేరినట్టే. అలాగని చిన్న స్క్రిప్టుకు కూడా సొంత ఎర్రర్ల వంశాన్ని పెంచమనడం లేదు. డబ్బు లెక్క ఉన్న చోట మాత్రం దీనికి పట్టిన పది నిమిషాలు నాకు దండగనిపించలేదు.

సందేశాన్ని పోల్చవచ్చు కదా అన్నారు బృందంలో ఒకరు. రైజెస్‌కు 'మ్యాచ్' అని ఇస్తే ఎర్రర్ సందేశంలో ఆ మాటలు ఉన్నాయా అని చూస్తుంది. ప్రయత్నించాము. మొదట బ్రాకెట్లు తగిలాయి. మ్యాచ్‌కు ఇచ్చేది మామూలు వాక్యం కాదు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అక్షరాల నమూనా. అందులో చుక్క ఏ అక్షరానికైనా సరిపోతుంది, బ్రాకెట్లు బ్రాకెట్లుగా ఉండవు. 'లీటర్లు (ఉదయం)' అన్న సందేశం దానితోనే సరిపోలలేదు. అలాంటి గుర్తులను మామూలు అక్షరాలుగా చూడమనే ఆర్‌ఈ ఎస్కేప్ వాడితే ఆ ఇబ్బంది తీరింది.

తర్వాతిది మాత్రం కళ్లు పొడుచుకున్నా కనిపించేది కాదు. కోడ్‌లో సందేశం 'ఎస్‌ఎన్‌ఎఫ్ రీడింగ్ అందలేదు'. టెస్టులోనూ అదే. తెర మీద పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదివాము, ఒకటే. పైటెస్ట్ మాత్రం వేరంటోంది. చివరికి 'ఎస్‌ఎన్‌ఎఫ్' ఒక్కదాని పొడవు కొలిచి చూస్తే ఒక చోట 11, ఇంకో చోట 9. ఒకరి కీబోర్డు పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తును చేర్చింది, జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు దాన్ని. ఇంకొకరి కీబోర్డు చేర్చలేదు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలో అయితే ఆ గుర్తు లేకపోతే వ కాస్తా వత్తుగా మారి కంటికి తెలిసిపోతుంది. ఇక్కడ పొల్లు తర్వాత వచ్చేది ఎ అనే అచ్చు. గుర్తు ఉన్నా లేకపోయినా ఆకారం మారదు.

ఆ రోజుతో సందేశాలను పోల్చడం మానేశాము. తెర మీద కనిపించే తెలుగు వాక్యాన్ని కేంద్రాల వాళ్లు చెప్పినట్టల్లా మారుస్తుంటాము, అది మారాలి కూడా. దానికి టెస్టును కట్టేస్తే ఎవరూ వాక్యం ముట్టుకోరు. ప్రతి ఎర్రర్‌కూ ఒక చిన్న కోడ్ తగిలించి, పట్టుకున్న ఎర్రర్ నుంచి ఆ కోడ్‌ను, తప్పైన విలువను పోలుస్తున్నాము.

ఒక టెస్టు దగ్గర మాత్రం తప్పు మాదే, కోడ్‌ది కాదు. లీటర్ల గడిలో తెలుగు అంకెలు, ౧౨ లాంటివి, కొడితే ఎర్రర్ రావాలని ఎవరో రాశారు. గట్టి టెస్టుగా మార్చగానే 'డిడ్ నాట్ రైజ్' వచ్చింది. పైథాన్ ౧౨ను నేరుగా 12గా చదువుతుంది, యూనికోడ్‌లో దశాంశ అంకెలుగా ఉన్నవన్నీ దానికి అంకెలే. ఇన్నాళ్లూ ఆ టెస్టు మనం ఏదో నిషేధించామని నమ్మించింది. కేంద్రాల వాళ్లను అడిగితే, ఒకరిద్దరు పెద్దవాళ్లు ఫోను కీబోర్డులో అలాగే కొడతారని, ఎప్పుడూ ఇబ్బంది రాలేదని చెప్పారు. టెస్టును తిరగేశాము: ౧౨ ఇస్తే 12 రావాలి.

మొబైల్ యాప్ జావాస్క్రిప్ట్‌లో ఉంది, అక్కడి సంగతి క్లుప్తంగా. అక్కడి టెస్టుల సాధనం జెస్ట్‌లో, ఎర్రర్ వస్తుందా అని చూసే 'టూ థ్రో' అడిగేటప్పుడు ఫంక్షన్‌ను పిలవకుండా చేతికివ్వాలి. మనమే పిలిచేస్తే ఎర్రర్ ఎక్స్‌పెక్ట్ దాకా చేరకముందే బయటపడి టెస్టు ఫెయిల్ అవుతుంది. అది వెంటనే తెలుస్తుంది కాబట్టి ప్రమాదం లేదు. ప్రమాదమంతా, తర్వాత ఎప్పుడో వచ్చే జవాబు (ప్రామిస్, అంటే హామీ) ఎర్రర్‌తో ముగిసిందా అని చూసే 'రిజెక్ట్స్' ముందు, అది తేలేదాకా ఆగమనే అవెయిట్ మరచిపోవడంలో ఉంది. ఆ హామీ తేలకముందే టెస్టు ముగిసి పాస్ అయిపోతుంది. అలాంటివి మూడు దొరికాయి. ఇప్పుడు ఇలా జవాబు కోసం ఆగవలసిన (అసింక్) టెస్టులన్నింటిలో మొదటి లైనుగా 'ఎక్స్‌పెక్ట్ అసర్షన్స్' పెట్టి ఎన్ని పోలికలు జరగాలో ముందే చెబుతున్నాము.

ఎర్రర్ వచ్చింది, కానీ అప్పటికే

అన్నింటికన్నా ఎక్కువ ఆలోచింపజేసిన టెస్టు ఇది:

విత్ పైటెస్ట్.రైజెస్(రీడింగ్_దోషం):
    పాలు_నమోదు(రైతు, 10, "---")
    అసర్ట్ వరుసల_సంఖ్య() == 0

చెడ్డ రీడింగ్ వస్తే ఎర్రర్ రావాలి, డేటాబేస్‌లో ఏ వరుసా మిగలకూడదు. రాసినవారి ఆలోచన చాలా మంచిది. షరతు తీసేసి నడిపితే ఎర్రబడింది కూడా, కాబట్టి నా పరీక్షలో నెగ్గింది. చదువుతుంటే మూడో లైను దగ్గర ఆగాను. రెండో లైనులో ఎర్రర్ వచ్చిన మరుక్షణం పైథాన్ బ్లాకులోంచి బయటికి దూకేస్తుంది. మూడో లైను నడవదు. ఇంతవరకు ఒక్కసారి కూడా నడవలేదు. ఆ అసర్ట్‌లో సున్నాకు బదులు వెయ్యి అని రాసినా పాస్ అవుతుంది. కోడ్‌ను తనిఖీ చేసే రఫ్ అనే సాధనంలో పీటీ012 అనే నియమం రైజెస్ బ్లాకులో ఒకే ఒక్క చిన్న వాక్యం ఉండాలని పట్టుబట్టేది ఇందుకే. అంతకుముందు ఆ నియమం నాకు చాదస్తంగా కనిపించేది.

నాలుగు ఖాళీలు వెనక్కి జరిపాను. అసర్ట్ బ్లాకు బయటికి వచ్చింది. నడిపాను. ఎరుపు. వరుసల సంఖ్య సున్నా కాదు, ఒకటి.

పాలు_నమోదు ముందుగా తూకం యంత్రం ఇచ్చిన లీటర్లతో ఒక వరుస రాసి కమిట్ చేస్తోంది, అంటే డేటాబేస్‌లో ఖాయం చేసేస్తోంది. ఆ తర్వాత రీడింగ్ చదివి ధర కట్టి అదే వరుసను నింపుతోంది. మధ్యలో ఎర్రర్ వస్తే లీటర్లున్న, ధర లేని వరుస అలాగే మిగిలిపోతోంది. ఆపరేటరు శాంపిల్ మళ్లీ పెడితే రెండో వరుస పడుతోంది. బిల్లు ధర ఉన్న వరుసలనే కూడుతుంది కాబట్టి రైతుల డబ్బు ఎప్పుడూ తప్పలేదు. అందుకే ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కానీ పూట చివర కేంద్రం మొత్తం లీటర్ల లెక్క మాత్రం అన్ని వరుసలనూ కూడుతుంది.

2014లో కంప్యూటర్ వ్యవస్థల మీద జరిగే ఓఎస్‌డీఐ సదస్సులో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కసాండ్రా, హెచ్‌బేస్, హెచ్‌డీఎఫ్‌ఎస్, మ్యాప్‌రెడ్యూస్, రెడిస్ అనే పెద్ద డేటా వ్యవస్థలలో జరిగిన 198 వైఫల్యాలను విశ్లేషించి ఒక పత్రం ఇచ్చారు. వ్యవస్థను తీవ్రంగా దెబ్బతీసిన వాటిలో 92 శాతం, సాఫ్ట్‌వేర్ స్వయంగా తెలియజేసిన ఎర్రర్లను సరిగా సంబాళించకపోవడం వల్లనే జరిగాయని, 58 శాతం వాటిలో లోపం ఆ ఎర్రర్ కోడ్‌కు మామూలు టెస్టు రాసి ఉంటే దొరికేదని తేల్చారు. చాలా ఏళ్ల క్రితమే చదివాను. పెద్ద పెద్ద సర్వర్ల గొడవ, పాల క్యాన్లకు ఏమి సంబంధం అనుకున్నాను.

క్యాన్లకే సంబంధం. కంప్యూటర్ చూపే లీటర్లకూ ట్యాంకరుకు ఎక్కిన లీటర్లకూ కొన్ని కేంద్రాల్లో తేడా వస్తోందని, కంప్యూటర్‌లోనే ఎక్కువ చూపిస్తోందని మాకు చాలా నెలల క్రితమే ఒక మాట వచ్చింది. "కొలతలో తేడా అయి ఉంటుంది, లేదా ఒలికి ఉంటాయి" అని జవాబిచ్చింది మేమే. మా దగ్గర ఆ పనికి టెస్టు ఉంది, పచ్చగా ఉంది, ఇంక అనుమానం దేనికి? ఆ తేడాను కేంద్రం నడిపేవాళ్ల కమిషన్‌లోంచి కోస్తున్నారు; ఆ సంగతి అప్పుడు మేము అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నాన్ గురించి ఫోను చేసిన ఆయన కేంద్రం ఆ జాబితాలో ఉంది.

సవరణ పెద్దది కాదు. ముందు రీడింగ్ చదివి ధర కట్టి, అన్నీ సరిగా ఉంటేనే వరుస రాయడం, రాసేదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉంచడం, అంటే రాస్తే అంతా పడాలి, లేకపోతే ఏదీ పడకూడదు. అసలు పని పాత వరుసలను వెతకడంలో పట్టింది. ఒకే రైతు, ఒకే పూట, ఒకే లీటర్లు, రెండింటిలో ఒకదానికి ధర లేకపోవడం. ఈ నాలుగూ కలిసిన జంటలను తీసి, కేంద్రాల వారీగా పట్టిక చేసి, లోపం మా సాఫ్ట్‌వేర్‌దేనని రాసి ఇచ్చాము. మా మేనేజరు ఆ ఉత్తరం మీద మారు మాట్లాడకుండా సంతకం పెట్టారు. కోసిన డబ్బు తర్వాతి రెండు బిల్లుల్లో తిరిగి జమ అయింది.

ఆ సంగతి చెప్పడానికి, నాన్ గురించి అడిగిన ఆ కేంద్రం ఆయనకు ఫోను చేశాను. డబ్బు గురించి సరే సరే అన్నారు. తర్వాత, "సార్, ఆ కొత్త యంత్రం మళ్లీ నాన్ అంటే ఏమి చెయ్యమంటారు?" అని అడిగారు. ఇకపై తెర మీద 'శాంపిల్ మళ్లీ పెట్టండి' అని వస్తుందని, ఎన్నిసార్లు పెట్టినా వరుస ఒకటే పడుతుందని చెప్పాను. ఒక్క నిమిషం లైనులో ఉండమని, వెళ్లి నీళ్లు పెట్టి యంత్రాన్ని నడిపి చూశారు. "వచ్చింది సార్" అన్నారు.